నాయన ముక్కుకు పాఠాలు

మా నాయనకు వాసన తెలియడం పోయిందన్న సంగతి అందరికంటే ఆలస్యంగా తెలిసింది ఆయనకే. అంతవరకు లోకానికే వాసన పోయిందనుకున్నాడు. కాఫీ పొడిలో చింతగింజలు కలుపుతున్నారని అంగడివాడితో తగువు పెట్టుకున్నాడు. సాంబారులో ఇంగువ వేయడం మానేశావా అని అమ్మను నిలదీశాడు. అగరుబత్తి వెలిగించి ముక్కు కింద పెట్టుకుని, "ఒట్టి పుల్లలకు నల్లరంగు పూసి అమ్మతా ఉండారు" అని తిట్టాడు. రైతులు, కంపెనీలు, ఆఖరికి వీధిలో మల్లెపూలు అమ్మే ముసలమ్మ కూడా కలిసి తనను మోసం చేస్తున్నారని ఆయన అనుమానం. సొంత ముక్కు మీద మాత్రం అనుమానం రాలేదు. వచ్చే అవకాశమూ లేదు. చిత్తూరు మామిడి మండీల్లో ఆ ముక్కుకు ఉన్న పేరు అలాంటిది.

మండీ అంటే రైతు తెచ్చిన కాయను దించుకుని, రకం చూసి, బయటి ఊళ్ళ వ్యాపారులకు అమ్మిపెట్టే చోటు. మాది చిన్న మండీ. అయినా పెద్ద మండీల వాళ్ళు కూడా అనుమానం వచ్చినప్పుడు ఒక కాయ చేతబట్టుకుని మా నాయన దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన దాన్ని అరచేతిలో తిప్పి, ముచ్చిక దగ్గర, అంటే తొడిమ ఊడిన చోట, ముక్కు ఆనించి ఒక్కసారి పీల్చేవాడు. ఇది చెన్నైకి పోయేదాకా ఆగుతుంది, ఇది ఆగదు ఇక్కడే అమ్మెయ్యండి, ఇది మందు పెట్టి మాగేసిన కాయ అని తేల్చేసేవాడు. నొక్కి చూడటం, కోసి చూడటం ఆయన దృష్టిలో నామోషీ పనులు. నొక్కితే కాయకు దెబ్బ తగులుతుంది, కోస్తే కాయే ఉండదు, వాసన చూస్తే కాయకేం పోతుంది అనేవాడు.

కరోనా పోయిందని అందరూ మాస్కులు పారేసి, దాని ఊసే మరిచిపోయాక, తీరిగ్గా మా నాయనకు వచ్చింది. కాస్త జ్వరం, కాస్త దగ్గు. మిరియాల కషాయంతో తగ్గిపోయింది. ఎవరమూ పెద్దగా పట్టించుకోలేదు. ఎండలు ముదిరి, సీజను తొలి కాయ మండీకి దిగినప్పుడు బయటపడింది అసలు సంగతి. ఒక రైతు బేనీషా తెచ్చాడు. మీరంతా బంగినపల్లి అనే పండును మా వైపు బేనీషా అంటారు. నాయన ఒక పండు ఎత్తి, వాసన చూసి, గంపలో పడేశాడు.

"పచ్చికాయ కోసుకోనొచ్చినావు. వాసనే లేదు."

రైతు బిత్తరపోయాడు. "అదేందన్నా అట్లంటావు? గేటు కాడ్నించి ఈగలు ఎంటబడి వస్తా ఉండాయి. వాటికి తెలిసింది నీకు తెలీలేదా?"

అక్కడే ఉన్న మా తమ్ముడు ఆ పండును అందుకుని వాసన చూశాడు. మండీ అంతా గుమగుమలాడిపోతోందట. వాడు ఆ మాట నాయన చెవిలో చెప్పాడు. నాయన పండును మళ్ళీ అందుకున్నాడు. తువ్వాలుతో ముక్కు తుడుచుకుని మరోసారి పీల్చాడు. ఆ తరువాత పండును మెల్లగా గంపలో పెట్టి, చెప్పులేసుకుని ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. తమ్ముడు ఫోను చేసి నాకు ఇదంతా చెప్పాడు. నాకు మొదట నవ్వొచ్చింది. ఈగలకు తెలిసింది నాయనకు తెలియకపోవడమేమిటి అని. ఫోను పెట్టేశాక నవ్వు ఆగిపోయింది.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. చెప్పేది ఛందస్సు, చదివేది మెదడు గురించి. ఎప్పుడు పట్టుకుందో తెలియదు గాని, వైద్యంలో కొత్తగా ఏం కనిపెట్టారు, నరాలను గురించి ఏం తేల్చారు అన్న వార్త కనబడితే చాలు, పేపర్లు దిద్దడం పక్కనపెట్టి అందులో పడిపోతాను. స్టాఫ్ రూములో నన్ను డాక్టరమ్మ అని ఎగతాళి చేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది, అయినా చదవడం మానను. చదివింది ఇతరులకు చెప్పకుండా ఉండటమూ నా వల్ల కాదు. ఆ శనివారం చిత్తూరు బస్సెక్కేసరికి ముక్కును గురించి చదవదగినదంతా చదివేశాను.

నాయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పళ్ళెంలో అన్నం సగం అలాగే ఉంది. నన్ను చూసి నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

"తిండి సంగతి వదిలేయ్‌మే. ఇల్లు మనిల్లు మాదిరి లేదు. ఎవురింట్లోనో భోజనానికి పిలిస్తే వచ్చి కూసున్నట్టు ఉండాది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇంటికి ఒక వాసన ఉంటుందని, అది ఉన్నంతకాలం మనకు తెలియదని నేను అంతవరకు ఆలోచించలేదు.

"మండీకి?" అన్నాను.

"పోను. ముక్కు లేనోడికి మండీలో ఏం పని? కాయ ఎత్తుకోని రైతు నా మొగం సూస్తాడు. నేనేం సెప్పేది? ముక్కొస్తే పోతా. రాకుంటే మీ తమ్ముడే సూసుకుంటాడు. నాకు ఇంతే రాసి పెట్టుండాదేమో."

మండీ లేని మా నాయనను నేను ఊహించుకోలేను. పండగ రోజున కూడా ఏదో ఒక వంక పెట్టుకుని అటు ఒకసారి వెళ్ళివచ్చే మనిషి. సీజనులో మామిడిరసం మరకలేని చొక్కా ఆయనకు లేదు. అలాంటివాడు ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని వరండాలో కూర్చుంటే ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఉన్నాడు. నాకు దిగులు, దిగులుకంటే ఎక్కువగా కోపం వచ్చాయి. నాకు ఏం వచ్చినా చివరికి కోపంగానే బయటికి వస్తుంది.

"ఎవరు రాసిపెట్టారు? కూర్చుని విను" అని పాఠం మొదలుపెట్టాను. మన శరీరంలో నరాల కణం చచ్చిపోతే మళ్ళీ పుట్టదని మాకు బడిలో చెప్పారు. ముక్కు పైభాగంలో వాసన పట్టే కణాల సంగతి అలా కాదట. అవి బతికినంత కాలం పాతవి రాలిపోతూ, కొత్తవి పుడుతూనే ఉంటాయట. పైగా ఈ వైరసు ఎక్కువగా దెబ్బకొట్టేది ఆ కణాలను కాదు, వాటి చుట్టూ ఉండి వాటికి ఊడిగం చేసే పక్క కణాలనని పరిశోధనలు చెబుతున్నాయి. వంటమనిషి మంచాన పడితే ఇంట్లో అందరూ పస్తున్నట్టన్నమాట. అదంతా నేను చేతులు తిప్పుతూ చెబుతుంటే నాయన శ్రద్ధగా విన్నాడు.

"అయితే మల్లా మొలకెత్తుతాదా?"

"మొలకెత్తుతుంది. కానీ అందరికీ ఒకేలా రాదు. కొందరికి పూర్తిగా రాకపోవచ్చు కూడా."

"ఆ రెండో మాట సెప్పకుంటే ఏం పోతాది నీకు?" అంది అమ్మ లోపల్నుంచి.

తిరుపతిలో ముక్కు డాక్టరు కూడా దాదాపు ఇదే చెప్పాడు. మాత్రలు లేవు, ఓపిక ఉండాలి, ముక్కుకు పాఠాలు చెప్పాలి అన్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కొన్ని వాసన వస్తువులను వరసగా ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వాసన ఎలా ఉండేదో మనసులో తలుచుకుంటూ పీల్చడం, నెలల తరబడి అదే పని. కొత్తగా పుట్టే కణాలకు దారి చూపించడానికి అది కొందరికి సాయపడుతుందట. గులాబి, నిమ్మ, లవంగం లాంటివి వాడతారని నేను చదివాను. అమ్మకు ఆ జాబితా నచ్చలేదు.

"ఇంగ్లీషోళ్ళు ఏం పెట్టుకుంటే మనమూ అదే పెట్టుకోవల్లనా? మనింట్లో వాసనకు కరువా?" అని దేవుడి అలమార నుంచి కర్పూరం బిళ్ళలు, మందుల డబ్బా నుంచి నీలగిరి తైలం, వంటింట్లోంచి శొంఠి, మిరియాల పొడి తెచ్చి సీసాల్లో పోసింది. నాకూ సబబుగానే తోచింది. మా ఇంట్లో అంతకంటే గట్టి వాసనలు ఏమున్నాయి?

ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక పొద్దున అమ్మ కర్పూరం సీసా ముక్కు దగ్గర పెట్టగానే నాయన ఉలిక్కిపడ్డాడు. "కర్పూరం! ఏమే, కర్పూరం తెలస్తా ఉండాది!" నీలగిరి తైలం పెడితే "అబ్బా, మెదడుకెక్కింది" అన్నాడు. శొంఠి చెప్పాడు, మిరియాలకు తుమ్మాడు. అమ్మ ఆనందం చెప్పనలవి కాదు. ఆ కర్పూరమే వెలిగించి దేవుడికి హారతి, నాయనకు దిష్టి, వీధిలో వాళ్ళకు చక్కెర పొంగలి. నేను కాలేజీలో స్వీట్లు పంచాను. పంచుతూ పంచుతూ కొత్త కణాల సంగతి మరోసారి అందరికీ చెప్పాను. అప్పటికే విన్నవాళ్ళు కూడా స్వీటు కోసం విన్నారు.

వాసన తిరిగి వస్తే తలనీలాలు ఇస్తామని అమ్మ మొక్కుకుందట. మొక్కంటే మా అమ్మ ఆలస్యం చేసే మనిషి కాదు. ఆ వారంలోనే ఇద్దరూ తిరుపతి వచ్చి, కొండెక్కి, నాయనకు గుండు చేయించి, దర్శనం చేసుకుని, సాయంత్రానికి మా ఇంటికి దిగారు. నున్నటి గుండు మీద మందంగా చందనం పూసుకుని నాయన కళకళలాడుతున్నాడు. మర్నాడే చిత్తూరు వెళ్ళి మండీలో కూర్చుంటానన్నాడు. సీజను ముదిరింది, లారీలు బారులు తీరాయి, ఆయన వస్తున్నాడని తమ్ముడు అందరికీ చెప్పేశాడు. అప్పుడు నోరు ఊరుకోక నేను నా హాస్టలు స్నేహితురాలికి ఫోను చేసి, వచ్చి మా నాయనను చూసి పొమ్మన్నాను. ఆమె ఏర్పేడు దగ్గర పెద్ద చదువుల సంస్థలో మెదడు మీద పరిశోధన చేస్తుంది. ఎలుకలు వాసనలను ఎలా గుర్తుపెట్టుకుంటాయన్నది ఆమె పని. ముందే ఎందుకు అడగలేదంటే, నేను చదివింది చాలనుకున్నాను. ఇప్పుడు పిలిచింది సలహాకు కాదు, మెచ్చుకోలుకు.

స్నేహితురాలు వచ్చింది. నాయన పక్కన కూర్చుని కుశలం అడిగింది. "చందనం ఘుమఘుమలాడిపోతా ఉంది నాయనా, ఇల్లంతా పట్టేసింది" అంది మామూలుగా.

"చందనమా? అట్లనా?" అన్నాడు నాయన గుండు తడుముకుని. "సల్లగా ఉండాది. అది తెలస్తా ఉండాది."

మా స్నేహితురాలు నా వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. సొంత నెత్తి మీద చందనం వాసన ఆయనకు రావడం లేదని మాకెవరికీ తట్టనే లేదు. ఆమె అమ్మను అడిగి తువ్వాలు తెప్పించి, నాయన కళ్ళకు గంత కట్టింది. వంటింట్లోంచి ఏవేవో తెచ్చి ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టింది. కర్పూరానికి కర్పూరమన్నాడు. జలుబు మలాముకూ కర్పూరమే అన్నాడు. చివరికి పిప్పరమెంటు బిళ్ళకు కూడా కర్పూరమన్నాడు. కాఫీ పొడికి ఏమీ లేదన్నాడు. కోసిన నిమ్మకాయకు ఏమీ లేదన్నాడు. పక్కింట్లోంచి తెచ్చిన మాగిన మామిడిపండును ముక్కు దగ్గర పెడితే, చాలాసేపు పీల్చి, "సీసా ఖాళీగా ఉండాది తల్లీ" అన్నాడు.

ఆమె గంత విప్పి, మామూలు గొంతుతోనే చెప్పింది. ముఖంలో ఇంకొక నరం ఉంటుంది, దాన్ని తెలుగు పుస్తకాల్లో త్రిధార నాడి అంటారు. మంట, చలువ, ఘాటు, పొడుచుకోవడం ఇవన్నీ మెదడుకు చెప్పేది అదే. వాసన నరం పని చేయకపోయినా అది చేస్తుంది. కర్పూరం చల్లగా తగులుతుంది, నీలగిరి గుచ్చుకుంటుంది, శొంఠీ మిరియాలూ మండుతాయి. మేము ఏరి ఏరి ఆ నరానికి తెలిసే వస్తువులే పెట్టాం. వాటిని నాయన పీల్చింది ముక్కుతోనే గాని, గుర్తుపట్టింది వాసనతో కాదు. కళ్ళ ముందు సీసాలు కనబడుతుండటం కూడా సాయపడింది.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నాయన గుండును ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"అయితే నా జుట్టు ఊరికే పోయినట్టేనా?" అన్నాడు.

"ఊరికే ఎట్లా పోతాది? దేవునికి ముందే ఇచ్చేసినాం. ఇప్పుడు ఆయనే మనకు బాకీ" అంది అమ్మ.

ముందు నాయన నవ్వాడు. ఆ నవ్వు చూసి నా స్నేహితురాలు, ఆమెను చూసి నేను. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె ఆ మాట నిజంగానే అంది. నవ్వు తగ్గాక నాయన, "ఒగ రకంగా మేలే అయింది. రేపు మండీలో రైతుల ముందర కూసోని, ఖాదరు మామిడిపండును కర్పూరమని సెప్పుంటే?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆయన కళ్ళు నా వైపు లేవు. మర్నాడు తమ్ముడు ఫోను చేస్తే, నాయనకు కొండ మీద క్యూలో నిలబడినందుకు ఒళ్ళు నొప్పులని చెప్పాను.

ఆ ఏడు సీజను నాయన లేకుండానే గడిచింది. లారీలు వచ్చాయి, పోయాయి. తమ్ముడు పండ్లను నొక్కి చూసి, కోసి చూసి, ఎలాగో నెట్టుకొచ్చాడు. నాయన అటు వెళ్ళలేదు. ఇంట్లో మాత్రం మళ్ళీ మొదటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. ఈసారి సీసాల్లో గులాబి రేకులు, నిమ్మతొక్క, కాఫీ పొడి, దంచిన ధనియాలు. సీసాలకు కాగితం చుట్టాం. కళ్ళకు గంత. ఒక్కసారిగా గట్టిగా లాగొద్దు, కుందేలు ముక్కాడించినట్టు చిన్నచిన్నగా పీల్చమని నా స్నేహితురాలు నేర్పింది. ఊరికే పీల్చడం కాదు, అది ఎలా ఉండేదో తలుచుకోవాలి అంది.

తలుచుకోవడం మా నాయన పైకే చేసేవాడు. ఆదివారాల్లో నేను పక్కన కూర్చుని వినేదాన్ని. నిమ్మతొక్క సీసా పట్టుకుని, "ఇది ఎట్లుంటాదంటే, పొద్దున్నే మొగం మీద నీళ్ళు కొట్టుకున్నట్టు" అనేవాడు. ధనియాలంటే ఎండలో కూర్చున్న అవ్వ చీర అనేవాడు. ఒక్కోసారి సీసాలు వదిలేసి మామిడిలోకి వెళ్ళిపోయేవాడు. బేనీషా ముందు పాల వాసన వేస్తుందట, తరువాత తేనె, ఇక ఆలస్యం చేస్తే సారా. నీలం రకం పండుకు మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒకటే వాసన, నమ్మకమైన మనిషి లాంటిది. ఇన్నేళ్ళుగా కావ్యాల్లో వర్ణనలు పాఠం చెబుతున్నాను గాని, ఎదురుగా ఏమీ లేకుండానే ఒక మనిషి వాసనను ఇంత బాగా చెప్పగలడని నాకు తెలియదు. చెప్పడం అయ్యాక, "ఏమన్నా తెలిసిందా నాయనా?" అని అడిగేదాన్ని. "ఏమీ లేదుమే" అనేవాడు. మళ్ళీ సాయంత్రం కూర్చునేవాడు.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున, నేను స్టాఫ్ రూములో ఉండగా అమ్మ ఫోను చేసింది. ఏడుపో కోపమో తెలియని గొంతు.

"మీ నాయన కాఫీ పారబోసినాడు. టైరు కాలిన కంపు కొడతా ఉండాదంట నా కాఫీ! ఇంతకాలం తాగినప్పుడు లేనిది ఇప్పుడెట్లా వచ్చింది కంపు?"

నేను కుర్చీలోంచి లేచి గావుకేక పెట్టాను. సంతోషంతో. స్టాఫ్ రూములో అందరూ కంగారు పడిపోయారు.

"నా కాఫీ కంపు కొడితే నీకంత సంబరమేందే?" అంది అమ్మ నొచ్చుకుని.

నేను చదివినదాంట్లో ఇది ఉంది. కొత్తగా పెరిగే నరాలు మొదట్లో తమ చోటు దొరక్క అటూ ఇటూ తగులుకుంటాయట. అప్పుడు మంచి వాసనలు కూడా చెడ్డగా, కాలినట్టు, కుళ్ళినట్టు తోస్తాయి. కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, వేయించినవి మరీ ఎక్కువగా. చాలామందిలో అది బాగుపడుతోందనడానికి గుర్తు అంటారు. ఇదంతా చెబితే అమ్మ కాసేపు ఆలోచించి, "టైరు వాసన రావడం మంచిదే అయితే, మంచి వాసన ఎప్పుడొస్తాది?" అని అడిగింది. అది పరిశోధన చేసేవాళ్ళకు కూడా ఇంకా తేలలేదు.

అవి కష్టమైన నెలలు. ఉల్లిపాయ కోస్తే నాయన వీధిలోకి పరిగెత్తేవాడు. తాలింపు వేస్తే ముక్కు మూసుకునేవాడు. చివరికి ఇంట్లో పెరుగన్నం, అరటిపండు మిగిలాయి. అమ్మ తన కోసం వేరే వండుకోలేదు. కాఫీ కూడా మానేసింది. ఆమెకు కాఫీ లేకపోతే తలనొప్పి వస్తుందని మా అందరికీ తెలుసు. ఒక రోజు నాయన సీసాలన్నీ బల్ల మీద నుంచి తోసేశాడు. "ఏమీ తెలీనప్పుడే బాగుండె. ఇప్పుడు లోకమంతా కుళ్ళిపోయింది. నావల్ల కాదు, నన్నొదిలేయండి" అన్నాడు. నేను అరిచాను. పెద్ద గొంతేసుకుని, కణాలు, నరాలు అంటూ. అమ్మ పగలని సీసాలు ఏరి, మళ్ళీ కాగితం చుట్టి, బల్ల మీద పెట్టింది. సాయంత్రం నాయనే వచ్చి కూర్చుని, తువ్వాలు తీసి కళ్ళకు కట్టుకున్నాడు. నాకు ఆయన మీద అంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

మార్గశిరంలో ఆయన్ను డాక్టరుకు చూపించి, తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సులో తీసుకుపోతున్నాను. డాక్టరు ముక్కులోకి చూసి, బాగానే ఉంది, ఓపిక పట్టండి అని పాత మాటే అన్నాడు. నాయన కిటికీ పక్కన శాలువా కప్పుకుని, తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. చంద్రగిరి దాటాక ఒక స్టాపులో ఒకామె గోనె మూటతో వెనక తలుపులోంచి ఎక్కింది. మూటను చివరి సీటు కింద తోసింది. కాసేపటికి బస్సంతా గొణుగుడు మొదలైంది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఈ బస్సులో సుఖంగా ఉన్నది మా నాయన ఒక్కడే కదా అనుకున్నాను, కాస్త కుళ్ళుగా.

"మే" అన్నాడు నాయన. కళ్ళు తెరవలేదు.

"ఏంది నాయనా?"

"కరువాడు."

నాకు అర్థం కాలేదు. కరువాడంటే మా వైపు ఎండుచేపలు. కోడిగుడ్డు గడప దాటని ఇల్లు మాది. వీధిలోకి కరువాడు బండి వస్తే ముందుగా కిటికీలు మూయించేది ఈయనే.

"ఎవురో కరువాడు ఎక్కించినారు" అన్నాడు. ముక్కుపుటాలు కుందేలు ముక్కులా కదులుతున్నాయి.

నేను వెనక్కి తిరిగి చూశాను. మూట సీటు కింద ఉంది, మూతి కట్టి ఉంది, ఆయన కళ్ళు మూసి ఉన్నాయి. ఆయన చెయ్యి పట్టుకున్నాను. "టైరు కాలినట్టు కాదా? కుళ్ళినట్టు కాదా? సరిగ్గా చూడు."

"కాదుమే. కరువాడు కరువాడు మాదిరే ఉండాది."

ఈలోగా ముందు సీట్లవాళ్ళు కండక్టరును పిలిచి గోల చేస్తున్నారు. కండక్టరు ఆమె మీద విసుక్కున్నాడు. నాయన లేచి, కదిలే బస్సులో కడ్డీలు పట్టుకుంటూ వెనక్కి నడిచాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆమె మూటకు అడ్డంగా కాళ్ళు పెట్టుకుంది.

"ఏం సామీ, నువ్వు గూడా తిట్టేకి వచ్చినావా? వచ్చే స్టాపులో దిగిపోతాలే."

"దిగొద్దు తల్లీ" అని నాయన ఆమె పక్కన కూర్చున్నాడు. "ఆ మూట ముడి రవ్వంత వదులు సెయ్."

ఆమె ఆయన్ను పిచ్చివాడిని చూసినట్టు చూసింది. ఆయన చెప్పాడు, జ్వరం వచ్చింది, వాసన పోయింది, ఇన్ని నెలలుగా ఏ వాసనా సరిగ్గా రాలేదు, ఇప్పుడు నీ మూటది వస్తోంది అని. ఆమె మెత్తబడి ముడి విప్పింది. బస్సులో నలుగురైదుగురు చీర కొంగులూ రుమాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకుని మరీ తిరిగి చూశారు.

నాయన ఒక చేపను తోక పట్టుకుని ఎత్తాడు. జన్మలో చేప ముట్టని చెయ్యి అది. తిప్పి, తల దగ్గర ముక్కు పెట్టి ఒకసారి పీల్చాడు. పక్కన పెట్టాడు. మరొకటి తీశాడు. "ఇది బాగా ఎండింది. ఇది సరిగ్గా ఎండలా, లోపల తడుండాది. దీన్ని ముందర అమ్మేసుకో తల్లీ, నిలవ పెట్టొద్దు."

ఆమె చేపను లాక్కుని గోటితో చీల్చి చూసింది. నోరు తెరిచింది. "అవును సామీ! మీరు తినే కులమా ఏంది?"

"లేదు తల్లీ. నేను మామిడిపండ్లోన్ని" అన్నాడు నాయన. అని, నా వైపు తిరిగాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుందామంటే చేతుల్లో చేపలున్నాయి. "మే, తమ్మునికి ఫోన్ సెయ్. వచ్చే నెల పూతొస్తాది గదా. తోటలు సూసేకి నేను గూడా వస్తానని సెప్పు."

నేను ఫోను చేశాను. తమ్ముడు హలో అనగానే నాకు ఏడుపు వచ్చింది. వాడు బెదిరిపోయి, "అక్కా, నాయనకేమైంది? డాక్టరేమన్నాడు? యాడుండారు మీరు?" అని అరుస్తున్నాడు. చెప్పలేక ఫోను వెనక సీటు వైపు చాపి పట్టుకున్నాను. అక్కడ నాయన ఒక్కో చేపనూ ఎత్తి, ఉప్పు చాల్లేదనీ, ఎండ చాల్లేదనీ, ఇది మాత్రం బంగారమనీ, మండీలో పలికే గొంతుతో ఆమెతో వాదిస్తున్నాడు. ఫోనులో తమ్ముడి అరుపులు ఆగిపోయాయి. ఆ తరువాత, వాడు ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.